మనిషి తూకం

పోయిన నెలలో పులివెందుల నుంచి ఎవరో కుర్రవాడు ఫోన్ చేశాడు. తాను ఒక పాత జీపును సరదాకు కొత్తగా కట్టుకున్నాననీ, ఇంజను మార్చి, చక్రాలు మార్చి, ఛాసీని కోసి మూరెడు పొడుగు చేసి, అంతా అయిందనుకున్నాక బండి కాస్త వేగం అందుకోగానే కాళ్ళ కింద గడగడమని వణుకుతోందనీ, ముగ్గురు మెకానిక్కులు చూసి చేతులెత్తేశారనీ, చివరికి ప్రొద్దుటూరులో ఒక స్పేరుపార్టుల అంగట్లో నా సంగతి తెలిసిందనీ చెప్పుకొచ్చాడు. జీపుల పని వదిలిపెట్టి ఎన్నో ఏళ్ళయిన ముసలివాణ్ణి ఇంకా బతికే ఉన్నానని ఆ అంగడాయనకు గుర్తుండడమే వింత. రానని చెప్పవలసింది. మోకాళ్ళ నొప్పులు, బండి కిందికి దూరితే మళ్ళీ లేపడానికి ఇద్దరు కావాలి. అయినా వణుకు అనే మాట చెవిన పడగానే నా ప్రాణం ఊరుకోలేదు, మరునాడు పొద్దున్నే బస్సెక్కాను.

ఆ జీపును చూస్తే నవ్వొచ్చింది. చక్రాలు నా రొమ్ముదాకా ఉన్నాయి. వెనక సీట్లు పీకేసి ఆ జాగాలో పాటలు మోగే పెద్ద పెద్ద బాక్సులు బిగించారు. కుర్రవాడు మర్యాద తెలిసినవాడే, కూర్చోవడానికి కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించి, తన సెల్‌ఫోనును బండి కింద చక్రాలను తిప్పే జాయింట్ షాఫ్టు మీద ఆనించి వాలు ఎంత ఉందో అంకెల్లో చూపించాడు. మేము రసమట్టమూ దారమూ పట్టుకుని పూటంతా చేసిన పనిని ఆ ఫోను రెప్పపాటులో చేసింది. అంతా చూసి, అలవాటు కొద్దీ, ఇందులో ఎక్కేవాళ్ళందరినీ పిలిపించి కూర్చోబెట్టప్పా, మనిషి తూకం చూడకుండా నేను చెయ్యి పెట్టను అన్నాను. అక్కడున్న నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాట వాళ్ళెవరూ ఎన్నడూ విన్నట్టు లేరు. నేను పలికి కూడా ముప్పై ఏళ్ళు దాటింది, ఎందుకు నోట్లోంచి వచ్చిందో.

మన ఈడు వాళ్ళకు సర్వీసు జీపులు గుర్తుండే ఉంటాయి. పొద్దునొక బస్సు, సాయంత్రమొక బస్సు వచ్చే రోజుల్లో జమ్మలమడుగు నుంచి ముద్దనూరుకు, అక్కడి నుంచి పులివెందులకు, ఇటు మైదుకూరుకు జనాన్ని మోసినవి అవే. ఎక్కడెక్కడో వేలం వేసిన పాత పెట్రోలు జీపులను ప్రొద్దుటూరుకు తోలుకొచ్చి, పాత ఇంజను పీకేసి డీజిలు ఇంజను కూర్చోబెట్టి, ఛాసీని సాగదీసి, ఎనిమిది మంది ఎక్కే బండిని పద్దెనిమిది మంది ఎక్కే బండిగా మార్చడం మా ఊళ్ళో ఒక పెద్ద పనిగా ఉండేది. మైదుకూరు రోడ్డులో రేకుల షెడ్డు ఒకటి, దాని యజమానిని అందరం ఉస్తాదు అనేవాళ్ళం. ముసల్మాను, తక్కువ మాటల మనిషి, తెల్లటి గడ్డం మీద ఎప్పుడూ ఒక గ్రీసు మరక. మాదేమో మగ్గాల ఇల్లు. గుంత మగ్గంలో కాళ్ళు దించుకుని పొద్దంతా కూర్చోవడం నాకు చేతకాదని నాన్నతో పోట్లాడి, మీసాలు గట్టిపడే వయసులో ఉస్తాదు దగ్గర చేరాను. నాన్న ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. అదొక కథ, ఇక్కడ అక్కరలేదు.

ఆ పనిలో కిటుకంతా ఎక్కడుందో కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన పాపం మీకు అర్థం కాదు. ఇంజను, గేరుబాక్సు ముందుంటాయి, చక్రాలను తిప్పే హౌసింగు వెనక ఉంటుంది, రెంటినీ కలిపే ఇనుప గొట్టమే జాయింట్ షాఫ్టు. దాని రెండు కొనలకూ క్రాసులని ఉంటాయి, మన మణికట్టులాగా వంగుతూ తిరుగుతాయి. పనికి కొత్తగా వచ్చిన ప్రతివాడూ అంతా ఒకే సూటిలో ఉంటే మంచిదనుకుంటాడు, నేనూ అనుకున్నాను. సూటిగా పెడితే క్రాసు కదలకుండా ఒకే చోట అరిగి చస్తుందనీ, కొంచెం వాలు ఉండాలనీ, గేరుబాక్సు తోక ఎంత కిందికి వంగిందో హౌసింగు మూతి అంతే పైకి లేవాలనీ, ఇద్దరూ సమానంగా వంగితేనే కాపురమనీ ఉస్తాదు చెప్పేవాడు. ముందు నుంచి వెనక్కు దారం లాగి కట్టి, రసమట్టం ఆనించి, ఇంజను కింద దిమ్మెలు ఎత్తో దించో, బండి బరువు మోసే ఇనుప పట్టీల కింద, కమాన్లంటాం వాటిని, ఏటవాలుగా అరగదీసిన ఇనుప బిళ్ళలు దూర్చో ఆ రెండు వాలులనూ ఒకటి చేయడమే మా విద్య. ఆ దారం మా నాన్న మగ్గం మీది పడుగు పోగు. బజారు దారం సాగుతుందని ఉస్తాదు ముట్టేవాడు కాదు. నేను పనిలో చేరాక షెడ్డుకు జరిగిన ఒకే ఒక్క మేలు అదేనని ఆయన ఎగతాళి చేసేవాడు.

అయితే దారం ఒక్కటే చాలదు. ఖాళీ జీపు వేరు, నిండిన జీపు వేరు. పద్దెనిమిది మంది ఎక్కితే కమాన్లు అణిగి వెనక భాగమంతా కిందికి దిగుతుంది, అంతకు ముందు కుదిర్చిన వాలులన్నీ చెడిపోతాయి. అందుకని బిగింపులు వదులుగా ఉంచి, ఒట్టి ఛాసీ మీద బల్లచెక్కలు పరిచి, వీధిలో వాళ్ళను పిలిచి కూర్చోబెట్టేవాళ్ళం. మగ్గాల మీది నుంచి లేచి వచ్చినవాళ్ళు, టీ అంగట్లో ఊరికే కూర్చున్నవాళ్ళు, కూరగాయలకు పోతూ ఆగిన ఆడవాళ్ళు, అందరూ నవ్వుకుంటూ ఎక్కి ఒకరినొకరు ఒత్తుకుని కూర్చుంటే, కింద పడుకున్న ఉస్తాదు కదలొద్దండప్పా అని ఒకసారి, ఇప్పుడు కదలండప్పా అని ఒకసారి కేకేసేవాడు. దాన్నే మనిషి తూకం చూడడం అనేవాళ్ళం. అయ్యాక అందరికీ ఉగ్గాని, మిరపకాయ బజ్జి షెడ్డు తరఫున. ఇంతమందిని పిలవడమెందుకు, వడ్ల బస్తాలు వేస్తే పోలా అని నేనొకసారి అడిగితే ఆయన చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "బస్తా ఏసిన చోట ఉంటాదప్పా. మనిషి ఒరుగుతాడు, జరుగుతాడు, పక్కోని మింద పడతాడు. మనం మోసేది మనుషుల్ని గదా."

దీనివల్ల ఒక చిన్న చిక్కు ఉండేది. నిండినప్పటి తూకానికి కుదిర్చిన బండి ఖాళీగా పోయేటప్పుడు కొంచెం గొణుగుతుంది, కింద సన్నగా వణుకుతుంది. జనం ఎక్కారా, నోరు మూసుకుని నీళ్ళమీద పోయినట్టు పోతుంది. మా షెడ్డు జీపు ఖాళీగా ఏడుస్తుంది, నిండితే నవ్వుతుంది అని స్టాండులో డ్రైవర్లు చెప్పుకునేవాళ్ళు. తెలిసినవాళ్ళు మెచ్చుకోలుగా అనేవాళ్ళు, తెలియనివాళ్ళు వెక్కిరింతగా. మా బావ, అంటే మా అక్క మొగుడు, జమ్మలమడుగు మనిషి. ఆయనా మగ్గం వదిలినవాడే. పదేళ్ళు ఎవరి జీపో తోలి తోలి, చివరికి సొంత బండి కట్టించుకోవాలని మా షెడ్డుకు వచ్చాడు. ఆ జీపంటే ఆయనకు ఒక ఇల్లు కట్టుకున్నంత సంబరం. రోజూ వచ్చి కూర్చునేవాడు, రంగు తానే చెప్పాడు, ముందర అద్దం మీద అక్క పేరు రాయించాడు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, అబ్బీ, మొదటి రోజు మీ అక్కను కూర్చోబెట్టుకుని గుడికి పోతాను, స్టాండులో అందరూ చూస్తాంటారు, ఆ పొద్దుకు మాత్రం ఇది ఏడవకుండా చూడు అన్నాడు. అంతే అడిగాడు పాపం.

అదే వారం ఉస్తాదు మైదుకూరులో బంధువులింట పెళ్ళికి పోయాడు. దారం పట్టే పని మొట్టమొదటిసారిగా నా చేతికి వచ్చింది. మనిషి తూకం చూసి బిగించమని మరీ మరీ చెప్పి పోయాడు. నేను ఒక్కణ్ణి పిలవలేదు. బద్ధకించి కాదు, మరిచిపోయీ కాదు. అక్క ఎక్కే బండి వణకకూడదు, బావ నలుగురిలో తల ఎత్తుకోవాలి, మా బామ్మర్ది చేతి పని అని చెప్పుకోవాలి, నాకు కావలసింది అదే. ఖాళీ జీపు మీదనే దారం కట్టి, రసమట్టంలో బుడగ నడిమధ్య నిలిచేదాకా బిళ్ళలు దూర్చి, అన్నీ బిగించేశాను. తరువాత ఎప్పుడైనా వచ్చినప్పుడు సరిచేయవచ్చులే అనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

బండి పోయింది చూడండి, నా జన్మలో అంత మెత్తగా పోయిన జీపును నేను చూడలేదు. ముందు సీట్లో అక్క, ఒడిలో గుడికి తీసుకుపోయే రాగి చెంబు, నిండా నీళ్ళు. నేను వెనక కూర్చుని ఆ చెంబునే చూస్తున్నాను. ప్రొద్దుటూరు దాటి జమ్మలమడుగు చేరేదాకా, రోడ్డు గుంతలో దిగినప్పుడు తప్ప, ఆ నీళ్ళు తొణకలేదు. స్టాండు దగ్గర బావ కావాలని మెల్లగా పోనిచ్చాడు. ఏందప్పా, మీ షెడ్డు జీపు ఏడ్సల్యా అని ఎవరో అడిగితే, మా బామ్మర్ది పాలు తాపి పండుకోబెట్నాడు అన్నాడు. నేను ఆ రోజు పడిన గర్వం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఉస్తాదు వచ్చి మనిషి తూకం చూస్నావా అని అడిగితే చూసినా అని చెప్పాను. ఆయన నమ్మాడు.

సరిచేద్దామనుకున్నది చేయనే లేదు. బావ బండి ఆపితే ఆ రోజు బేరం పోతుంది, నేను అడిగితే ఎందుకని అడుగుతాడు, ఏం చెప్పాలి. ఒకటి రెండుసార్లు నిండినప్పుడు కొంచెం వణుకుతోందబ్బీ అన్నాడు కూడా, గ్రీసు కొట్టి పంపించాను. ఐదారు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ముద్దనూరు నుంచి జమ్మలమడుగుకు వస్తూ కొండ ఎక్కే రోడ్డులో వెనక క్రాసు విరిగింది. విరిగిన షాఫ్టు గిరగిరా తిరిగి బ్రేకు గొట్టాన్ని తెంచింది. ఆ జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టుకోదు, గేరుబాక్సు వెనక షాఫ్టునే పట్టుకుంటుంది, షాఫ్టే తెగాక అది ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. నిండు జీపు వెనక్కు జారడం మొదలుపెట్టింది. ఎడమ పక్క లోయ. బావ స్టీరింగు తిప్పి బండిని కుడివైపు కొండరాళ్ళకు ఆనించాడు. ఎక్కినవాళ్ళు ఒక్కరు కూడా పోలేదు, గీరుకుపోయి, వాచిపోయి బయటపడ్డారు. కానీ ఆనాటి డ్రైవర్లు ఎట్లా కూర్చునేవాళ్ళో మీకు తెలుసు, పక్కన ముగ్గురిని కూర్చోబెట్టుకుని, తాము సగం సీటు మీద, కుడికాలు బయట. ఆ కాలు బండికీ రాయికీ నడుమ పడింది. కడపలో పెద్దాసుపత్రికి తీసుకుపోతే మోకాలి కింద నుంచి తీసేశారు.

విరిగిన షాఫ్టును షెడ్డుకు తెచ్చారు. ఉస్తాదు దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుని, క్రాసు అరిగిన చోట బొటనవేలితో తడిమి తడిమి చూశాడు. అది ఒకే పక్కన ఎట్లా అరిగిందో ఆ వేలికి తెలియకుండా ఉంటుందా. తలెత్తి మళ్ళీ అదే అడిగాడు, మనిషి తూకం చూస్నావా అని. నేను మళ్ళీ అదే చెప్పాను, చూసినా అని. ఆయన తిట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. మరునాటి నుంచి నా చేతికి దారం ఇవ్వలేదు, అంతే. నేను వెల్డింగూ, బోల్టులు బిగించడమూ చేస్తుంటే, ఆ వయసులో ఆయనే బండి కిందికి దూరి దారం కట్టుకునేవాడు. రెండేళ్ళు అట్లా గడిపి, ఆయన మౌనం మోయలేక లారీల పనికి వెళ్ళిపోయాను.

ఊరు మాత్రం వేరే కారణం కనిపెట్టింది. ఆ రోజు బండిలో ఇరవై మంది ఉన్నారు, ఉండవలసిన దానికంటే ఇద్దరు ఎక్కువ. ఆశకు పోయి ఎక్కించుకున్నాడు, కాలు పోగొట్టుకున్నాడు అన్నారు. మా అక్క కూడా అన్నది. ఆ ఇద్దరిని ఎక్కించుకోకపోయి ఉంటే అని ఆమె వేయిసార్లు అనడం విన్నాను, విన్నప్పుడల్లా బావ తల దించుకునేవాడు, నేను తేలు కుట్టిన దొంగలా కూర్చునేవాణ్ణి. ఇద్దరు ఎక్కువైతే విరిగే క్రాసు కాదది. ఉస్తాదు చూసి కట్టి ఉంటే ఇరవై ఇద్దరైనా మోసేది. ఇక బావ బండి తోలలేడు, పోనీ మగ్గమైనా నేద్దామంటే గుంతలో తొక్కడానికి రెండు కాళ్ళు కావాలి. కులవిద్య కూడా లేకుండా చేశాను ఆయనకు. అక్క మగ్గంలోకి దిగింది, బావ రాట్నం ముందు కూర్చుని ఆమెకు నూలు కండెలు చుట్టాడు. కండెలు చుట్టడం మా ఇళ్ళల్లో ముసలమ్మల పని. జీపు స్టీరింగు తిప్పిన చేతులతో ఆయన ఆ పని ముప్పై ఏళ్ళకు పైగా చేశాడు, గొణక్కుండా చేశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, రెండేళ్ళ కిందట ఆయన జబ్బుపడి మంచాన ఉన్నప్పుడు పోయి చెప్పాను. ఉస్తాదు పోయి అప్పటికి చాలా కాలమైంది. పట్టపగలు, అక్క వాకిట్లో బియ్యం చెరుగుతోంది. దారం సంగతి, ఖాళీ జీపు సంగతి, ఉస్తాదుకు రెండుసార్లు ఆడిన అబద్ధం, ఒక్కటీ దాచకుండా చెప్పి, తప్పు నీది కాదు బావా, నాది, ఇద్దరు ఎక్కువైనందుకు విరగలేదు, నా వల్ల విరిగింది అన్నాను. కొడతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను, ఏదైనా సరే అనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని నవ్వాడు.

"నువ్వు శానా మంచోడివి అబ్బీ. నేను పొయ్యే ముందర నా మనసు తేలిక చెయ్యాలని ఇంత కథ అల్లుకోనొచ్చినావు. ఆ ఇద్దర్ని పిల్చి ఎక్కించుకునింది నేనే గదా, నాకు తెల్దా."

కాదు బావా, నిజం, అని ఒట్టు వేశాను. ఎంత వేస్తే అంత నమ్మలేదు. అక్క చేట పక్కన పెట్టి లోపలికి వచ్చింది, కళ్ళు తుడుచుకుంటూ, ఒకరి తప్పు తన నెత్తిన ఏసుకునేటోడు నా తమ్ముడు తప్ప యాడుంటాడు అన్నది. నలభై రోజులకు బావ పోయాడు. తానే ఇదంతా తెచ్చుకున్నానని నమ్ముకునే పోయాడు. దినాలకు వచ్చిన చుట్టాలందరికీ అక్క నా మంచితనం చెప్పింది. వాళ్ళు నా వంక చూసిన చూపు, ఏ పగవాడికీ వద్దు. నా మాట నిజమని ఒప్పుకోగల మనిషి ఉస్తాదు ఒక్కడే, ఆయన బతికుండగా ఆయనకు చెప్పలేదు.

పులివెందుల సంగతికి వస్తాను. మనిషి తూకం అంటే ఏమిటో విడమరిచి చెప్పాక ఆ కుర్రవాడు నొచ్చుకోకుండానే నవ్వాడు. "దీంట్లో ఎవురెక్కుతారు తాతా. నేనొక్కణ్ణే. ఎప్పుడన్నా పక్కన ఇంకొకడు. ఫోన్లో వీడియోలు పెట్టుకునేదానికి గదా." అతని మాట నిజమే. ఆ బండి ఎప్పటికీ నిండదు, దాన్ని ఖాళీగా చూసి బిగించడమే సరైన పద్ధతి. వెనక హౌసింగు మూతిని అతను సూటిగా గేరుబాక్సు వైపు తిప్పి పెట్టాడు, అదే రోగం. కమాన్ల కింద బిళ్ళలు పెట్టించి, రెండు వాలులూ ఒకటి చేయించాను. మధ్యాహ్నానికి బండి రోడ్డెక్కితే చప్పుడు లేదు, వణుకు లేదు. చేతిలో మహిమ ఉంది తాతా అని నాకు దండం పెట్టారు. అప్పుడు తప్పైన పని ఇప్పుడు ఒప్పైంది. నాకేమీ సంతోషం కలగలేదు.

తిరుగు దారిలో ముద్దనూరు మీదుగా అక్కను చూసి పోదామని జమ్మలమడుగు బస్సెక్కాను. ముద్దనూరు కూడలిలో జీపులు నిలిచే చోట ఇప్పుడు మోటారు సైకిళ్ళున్నాయి. ఎవరి బండి వాళ్ళది, ఎవరి పాటికి వాళ్ళు పోతున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒకరి ఒడిలో ఒకరి మూట పెట్టుకుని, ఒకరి భుజం మీద ఒకరు కునికిన ఆ ఇరుకు మళ్ళీ రాదు, రావాలని అడగడానికి నాకు నోరూ లేదు. కొండ ఎక్కేటప్పుడు నేను కుడివైపు చూడలేదు, ఎన్నడూ చూడను.

అక్కకు ఇప్పుడు కళ్ళు సరిగా ఆనవు. బావ రాట్నం ఇంకా మూలనే ఉంది. ఎక్కడికి పోయి వస్తున్నావంటే జీపు పనికని చెప్పాను. ఎట్ల పోయిందబ్బీ బండి అని అడిగింది. చప్పుడు లేకుండా పోయింది అన్నాను. అక్క మొహం వెలిగిపోయింది.

"మీ బావ జీపు గూడా మొదటి పొద్దు అట్లనే పోయింది గదా. చెంబులో నీళ్ళు తొణకల్యా. నీ చెయ్యి పడితే అంతే అబ్బీ."

అవునక్కా అన్నాను.